పగటి పరధ్యానం, రాత్రి కల – పాఠం 3: కునుకు పట్టే క్షణాన్ని పట్టుకోవడం

మనసు ఎప్పుడెప్పుడు ఎటు జారిపోతోందో పోయిన పాఠం నుంచి నోట్‌బుక్‌లో రాసుకుంటున్నారు కదా, ఈసారి అదే పని నిద్రలోకి జారుకునేటప్పుడు చేద్దాం. పరధ్యానం ముదిరితే కలే అని నేను గట్టిగా నమ్ముతాను, దానికి ఆధారం కూడా ఉంది. చేతిలో పనేమీ లేనప్పుడు మెదడులో చురుగ్గా ఉండే భాగాలకు 2001లో మెదడు శాస్త్రవేత్త మార్కస్ రైకెల్ బృందం డిఫాల్ట్ మోడ్ అని పేరు పెట్టింది. వాటిలో చాలావరకు కలలు దండిగా వచ్చే రెమ్ నిద్రలోనూ చురుగ్గానే ఉంటాయి. కాకపోతే "ఇది నిజమేనా?" అని సరిచూసుకునే నుదుటి వెనక భాగం అప్పుడు మందగిస్తుంది. అందుకే ఎప్పుడో పోయిన తాతయ్య కలలోకొచ్చి కాఫీ అడిగితే ఏ అనుమానమూ లేకుండా ఇచ్చేస్తాం.

ఇక సాధన. మధ్యాహ్నం భోజనమయ్యాక చేతుల కుర్చీలో వెనక్కి వాలి, ఒక చేతిలో స్టీలు చెంచా వదులుగా పట్టుకుని, ఆ చేతిని పక్కకి వేలాడేసి, సరిగ్గా దాని కింద పళ్లెం పెట్టుకోండి. కునుకు పట్టగానే వేళ్లు సడలి చెంచా ఠంగుమని పడుతుంది. కొత్త ఆలోచనల కోసం ఎడిసన్ లోహపు గుండ్లు పట్టుకుని ఇలాగే కునికేవాడని చెబుతారు. 2021లో పారిస్ పరిశోధకులు దీన్ని పరీక్షించారు: లెక్కలో దాగిన సూత్రాన్ని, కనీసం 15 సెకన్లు తొలి కునుకులో గడిపినవాళ్లలో 83 శాతం మంది కనిపెడితే, మేలుకునే ఉన్నవాళ్లలో 30 శాతం మందే కనిపెట్టారు. అంతకంటే లోతు నిద్రలోకి వెళ్లినవాళ్లకి ఆ లాభం దక్కలేదు.

శబ్దం వినగానే కళ్లు తెరవొద్దు, కదలొద్దు. చివరగా మనసులో ఏముందో తలుచుకుని, అక్కణ్నుంచి మనసులోనే ఒక్కో ఆలోచన వెనక్కి వెళ్లండి. ఉదాహరణకి, "గ్యాస్ బుక్ చేయాలి" అనుకుంటూ ఉంటారు, తర్వాత సిలిండర్ దానంతటదే మెట్లెక్కి వస్తూ కనిపిస్తుంది. అనుకోవడం ఆగి చూడటం ఎక్కడ మొదలైందో, అది పట్టుకోవాలి. మొదట్లో దొరకదు, ఫరవాలేదు, దొరికినంతే ఫోన్లో వాయిస్ రికార్డు చేసేయండి, రాద్దామని లేస్తే సగం ఎగిరిపోతుంది.

రాత్రిళ్లు నిద్ర చాలనివాళ్లు మాత్రం ఈ సాధన ఇప్పుడే మొదలుపెట్టొద్దు. నిద్ర తక్కువైతే మేలుకుని ఉండగానే మెదడులో అక్కడక్కడా నిద్రలాంటి నెమ్మది తరంగాలు లేస్తాయి, మనసు చెదిరిపోతుంది, ఒక్కోసారి ఖాళీ అయిపోతుంది. మీ నోట్‌బుక్ నిండా పరధ్యానమే ఉంటే ముందు వారం రోజులు త్వరగా పడుకుని చూడండి, అప్పటిదాకా బండి నడిపేటప్పుడు మరింత జాగ్రత్త.

రెమ్ ఎక్కువగా ఉండేది తెల్లవారుజామున కాబట్టి వచ్చే పాఠంలో ఆ కలలు రాద్దాం. ఈలోగా దిండు పక్కన పెన్నూ కాగితం పెట్టుకోండి.