హిస్టెరోస్కోపీకి వెళ్లే ముందు ఇవి చూసుకోండి

కోత ఉండదు, కుట్లు ఉండవు. పెన్సిల్ కన్నా సన్నని గొట్టాన్ని యోని ద్వారా గర్భసంచిలోకి పంపి, దాని గుండానే గర్భసంచిలోకి సెలైన్ నింపి, లోపలి భాగాన్ని స్క్రీన్ మీద చూస్తారు. పాలిప్ (లోపలి పొర మీద పెరిగే చిన్న కండ) కనిపిస్తే చాలాసార్లు అప్పుడే తీసేస్తారు. అంతగా టెన్షన్ పడకండి, కానీ ఇవి మరవొద్దు.

• అన్నిటికన్నా ముఖ్యం తేదీ. నెలసరి ఆగిన వెంటనే వచ్చే రోజులు మంచివి. అప్పుడు లోపలి పొర పలచగా ఉంటుంది, చిన్న పాలిప్ కూడా దాక్కోదు. పీరియడ్స్ సరిగ్గా రానివాళ్లు డాక్టర్‌ని అడిగాకే తేదీ ఖాయం చేసుకోండి.

• గర్భం వచ్చిందేమో అన్న అనుమానం ఏ కాస్త ఉన్నా చెప్పేయండి. సిగ్గుపడే విషయం కాదిది.

• దుర్వాసనతో తెల్లబట్ట, జ్వరం ఉంటే ముందే ఫోన్ చేయండి. ఇన్ఫెక్షన్ తగ్గాకే చేస్తారు.

• రక్తం పలచబడే మందులు, షుగర్ మాత్రలు, అలర్జీలు చీటీ మీద రాసి తీసుకెళ్లండి. సొంతంగా ఏ మందూ ఆపొద్దు.

• మత్తు ఇస్తారా అని అడగండి. ఇస్తే మామూలుగా 6 గంటల ముందు నుంచి ఏమీ తినకూడదు, పాలు కలిపిన కాఫీ గుక్కెడు కూడా వద్దు. తోడుగా ఒకరిని తీసుకెళ్లండి, ఆ రోజు బండి నడపొద్దు.

• బ్యాగులో ప్యాడ్లు పెట్టుకోండి. కొన్ని రోజులు కొద్దిగా రక్తం కనపడటం మామూలే. గంటకో ప్యాడ్ తడిసిపోతున్నా, జ్వరం వచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.