డ్వాక్రా అక్కలకి స్మార్ట్‌ఫోన్ ఎలా నేర్పాలి

కంప్యూటర్లు, ప్రొజెక్టర్ ఇవేం అక్కర్లేదండి. సంఘం మీటింగ్‌కి అందరూ ఎలాగూ వస్తారు కదా, అది అవ్వగానే ఒక గంట కూర్చోమని అడగండి. చాలామంది ఫోన్ మొగుడి దగ్గరో కొడుకు దగ్గరో ఉండిపోతుంది, అందుకే ముందురోజే తెచ్చుకోమని చెప్పాలి. ఎవరి ఫోన్‌లో వాళ్లకే నేర్పండి, మీ ఫోన్‌లో చూపిస్తే ఇంటికెళ్లి తమది తెరిచేసరికి అన్నీ వేరేచోట ఉంటాయి, ఇక పక్కన పడేస్తారు. 2017లో కేంద్రం పీఎంజీదిశ అని పల్లెల్లో ఇంటికొకరికి 20 గంటల డిజిటల్ ట్రైనింగ్ పెట్టింది, 2024 మార్చితో అది అయిపోయింది, ఇంకెవరో వస్తారని చూస్తూ కూర్చోకుండా ఊళ్లో డిగ్రీ పిల్లలే పూనుకోవాలి.

ముందు అక్షరాల సైజు పెంచండి. పొలం పనులతో వేళ్లు కాయలు కాసి ఉంటాయి, గట్టిగా నొక్కి పట్టుకుంటారు, దాంతో యాప్ తెరుచుకోకుండా ఇంకేదో మెనూ వస్తుంది, "నాకు చేతకాదులేమ్మా" అని ఫోన్ మీకే ఇచ్చేస్తారు. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీలో టచ్ అండ్ హోల్డ్ డిలే అని ఉంటుంది, అది లాంగ్‌లో పెట్టండి, సగం భయం పోతుంది. ఫోన్ మాత్రం వాళ్ల చేతిలోంచి తీసుకోవద్దు, ఎంత ఆలస్యమైనా సరే, వాళ్లే నొక్కాలి.

తర్వాత కీబోర్డ్‌లో తెలుగు యాడ్ చేసి మైక్ బొమ్మ చూపించండి. చదువు రాని అక్క కూడా యూట్యూబ్‌లో "మిరపలో ముడత ఎందుకొస్తుంది" అని అడిగి వీడియో చూసేస్తుంది, అప్పుడు చూడాలి ఆ ముఖం! ఆంధ్రాలో అయితే 2025 జనవరిలో మొదలైన రాష్ట్ర ప్రభుత్వ మన మిత్ర వాట్సాప్ నంబర్ 95523 00009 సేవ్ చేయించండి, సర్టిఫికెట్లు, కరెంటు బిల్లు లాంటివి దాంట్లోనే అయిపోతాయి. బటన్ ఫోన్ వాళ్లని ఇంటికి పంపేయకండి, ఇంటర్నెట్ లేని బటన్ ఫోన్ నుంచి కూడా డబ్బు పంపే యూపీఐ 123పే 2022 నుంచి ఉంది.

ఫోన్‌పే, గూగుల్‌పేలకి మాత్రం ఒక రోజంతా ఇవ్వండి. ఇద్దరిద్దర్ని కూర్చోబెట్టి ఒకరికొకరు ఒక్కో రూపాయి పంపించుకోమనండి, పంపినావిడ పిన్ కొట్టింది, డబ్బు వచ్చినావిడ ఏమీ కొట్టలేదు, ఇది కళ్లతో చూస్తే "మీకు డబ్బులొచ్చాయి, పిన్ కొట్టండి" అని ఫోన్ చేసేవాడి మోసం వెంటనే తెలిసిపోతుంది. ఒకవేళ డబ్బు పోతే, ఇంట్లో తిడతారని దాచిపెట్టకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కాల్ చేయమని గట్టిగా చెప్పండి, ఆ డబ్బు ఇంకో అకౌంట్‌లోకి మారిపోయేలోపు చెప్తేనే ఆపే ఛాన్స్ ఎక్కువ. ఆ నంబర్ కూడా వాళ్ల చేతే సేవ్ చేయించండి.