మెయిల్‌లోని లింకు నొక్కే ముందు

ఆఫీసులో మెయిల్ సర్వర్ చూసుకునే పని నాది. "ఇది అసలుదేనా, కాస్త చూడండి" అంటూ నా దగ్గరికి వచ్చే మెయిళ్లలో ఈమధ్య అక్షర దోషాలు పెద్దగా ఉండటం లేదు. భాష శుభ్రం, లోగో అచ్చం అసలుదే. అందుకే మెయిల్ చూడ్డానికి ఎలా ఉందో నేను పట్టించుకోను. ఏం చేయమంటోంది, ఎంత తొందరపెడుతోంది, అదే చూస్తాను. "24 గంటల్లో మీ ఖాతా మూసేస్తాం" అని ఉందంటే మనల్ని టెన్షన్‌లో పెట్టి నొక్కించాలని చూస్తున్నారన్నమాట.

పైన కనిపించే పేరు ఎవరైనా ఏదైనా పెట్టుకోవచ్చు. ఫోన్లో ఆ పేరు మీద నొక్కితే అసలు అడ్రస్ బయటపడుతుంది. అది సరిగ్గా ఉన్నా సరే, పూర్తిగా నమ్మకండి. తెలిసినవాళ్ల ఖాతా దొంగల చేతిలో పడితే, పాత సంభాషణకు జవాబుగానే మోసపు మెయిల్ వస్తుంది.

లింకు మీద మౌస్ బాణం ఉంచండి, నొక్కొద్దు. ఫోన్లో అయితే వేలు కాసేపు అలాగే నొక్కి పట్టండి. కనిపించిన అడ్రస్‌లో మొదటి రెండు గీతలూ (//) దాటాక వచ్చే ఒంటి స్లాష్ (/) దగ్గర ఆగి, అక్కణ్నుంచి వెనక్కి చదవండి. "గూగుల్ డాట్ కామ్ డాట్ ఫలానా డాట్ నెట్" అని ఉంటే ఆ సైటు గూగుల్‌ది కాదు, ఫలానా వాడిది. తాళం బొమ్మ ఉందని మురిసిపోకండి. దారిలో ఎవరూ చదవలేరని మాత్రమే అది చెబుతుంది, అవతల ఉన్నది దొంగో దొరో చెప్పదు.

ఈ తంటా అంతా లేని దారి ఒకటుంది. మెయిల్‌లోని లింకు అసలు వాడకుండా, ఆ సైటును మీరే విడిగా తెరవడం. 2016 మార్చిలో, అమెరికా అధ్యక్ష ఎన్నికల బరిలో ఉన్న హిల్లరీ క్లింటన్ ప్రచార సారథి జాన్ పొడెస్టాకు పాస్‌వర్డ్ మార్చుకోమంటూ గూగుల్ పేరుతో మెయిల్ వచ్చింది. సాంకేతిక సహాయకుణ్ని అడిగితే, మెయిల్ సరైనదేనని పొరపాటున రాశాడు కానీ, గూగుల్ అసలు లింకు కూడా ఇచ్చాడు. అది వాడి ఉంటే బయటపడేవారు. నొక్కింది మెయిల్‌లోని లింకునే. అక్టోబరులో ఆయన మెయిళ్లు, రహస్య పత్రాలు బయటపెట్టే వికీలీక్స్ సైటుకెక్కాయి.

పాస్‌వర్డ్‌లు దాచిపెట్టి, సైటు అడ్రస్ చూసి తానే నింపే పాస్‌వర్డ్ మేనేజర్ వాడండి. నకిలీ సైటులో అది తనంతట తాను పాస్‌వర్డ్ నింపదు. అప్పుడు మీరు కాపీ చేసి అతికించారో, దాని కాపలా వృథా. ఓటీపీ ఉందిగా అని ధీమా పడొద్దు, నకిలీ పేజీ దాన్నీ అడిగి, అప్పటికప్పుడే అసలు సైటులో వాడేస్తుంది. పాస్‌వర్డ్‌కు బదులు ఫోన్ వేలిముద్రతోనో పిన్‌తోనో లాగిన్ అయ్యే పాస్‌కీ దగ్గర ఈ ఎత్తు పారదు, అది అసలు సైటు అడ్రస్‌తో ముడిపడి ఉంటుంది.

మెయిల్‌కు జతగా వచ్చే, మీరు ఎదురుచూడని జిప్, హెచ్‌టీఎంఎల్ ఫైళ్లు తెరవకండి. అంతే.

ఇప్పటికే పాస్‌వర్డ్ ఇచ్చేసి ఉంటే వెంటనే మార్చి, అన్ని పరికరాల్లోనూ లాగౌట్ చేయండి. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. సెట్టింగ్స్‌లో ఫార్వర్డింగ్ కూడా చూడండి. మీ మెయిళ్లన్నీ తమకు చేరేలా దొంగలు అక్కడ ఏర్పాటు చేసుకుంటే, పాస్‌వర్డ్ మార్చినా అది ఆగదు. పాస్‌వర్డ్ మర్చిపోతే ఖాతా తిరిగి తెరవడానికి ఇచ్చే రికవరీ ఫోన్ నంబరూ మీదేనా అని చూసుకోండి. ఆఫీసు ఖాతా అయితే తిడతారని దాచకుండా మాలాంటి వాళ్లకు వెంటనే చెప్పండి. మిగతావాళ్లు నొక్కేలోపే వాళ్ల ఇన్‌బాక్సుల్లోంచి కూడా ఆ మెయిల్ తీసేయగలం.