గోదారికి వరద రాకముందే మీ పిల్లి తీరు గమనించి పెట్టుకోండి

గోదారి ఎర్రబడిందంటే డెల్టాలో కొన్ని పనులు ఎవరూ చెప్పకుండానే మొదలవుతాయి. ధాన్యం బస్తాలు ఎత్తు మీదికి చేరతాయి. పశువులను ఏ గట్టుకు తోలాలో మాట్లాడుకుంటారు. పడవ ఎవరిదో కనుక్కుంటారు. ఇంట్లో తిరిగే పిల్లి సంగతి మాత్రం ఎవరికీ గుర్తు రాదు, దాని దారి అది చూసుకుంటుందిలే అనుకుంటారు. నీళ్లొచ్చాక అది అటకెక్కి దిగకపోయినా, ముద్ద ముట్టకపోయినా, దగ్గరికెళ్తే బుసకొట్టినా "వరదకు బెదిరిందిలే" అని ఊరుకుంటారు.

నిజంగానే బెదిరి ఉండొచ్చు. కానీ మూత్రం బిగిసిన గండుపిల్లి కూడా అలాగే మూల నక్కుతుంది. ఎలుకల మందు తిన్నదీ, పాము కరిచినదీ కూడా అలాగే ఉంటాయి. పిల్లి నొప్పిని దాచుకునే జంతువు. కుక్కలా మూలగదు, కుంటుకుంటూ వచ్చి మన కాళ్ల దగ్గర పడదు. నొప్పిలో ఉన్నప్పుడు గుర్రుగుర్రుమనే పిల్లులు కూడా ఉన్నాయి కాబట్టి ఆ చప్పుడు విని హాయిగా ఉందనుకోవడానికీ లేదు. బెదురేదో, జబ్బేదో తేల్చుకోవాలంటే మామూలు రోజుల్లో మీ పిల్లి ఎలా ఉంటుందో ముందే తెలిసి ఉండాలి. ఆ పని ఆషాఢంలో చెయ్యాలి. నీళ్లు వసారాలోకి వచ్చాక కుదరదు.

వారం పది రోజులు గమనిస్తే చాలు. ఎంత తింటుంది, ఎక్కడ పడుకుంటుంది, దొడ్లో ఏ మూల మట్టి గీకి ఒంటికి వెళ్తుంది, రోజుకు ఎన్నిసార్లు వెళ్తుంది. పెద్ద పిల్లి మామూలుగా రోజుకు రెండు నుంచి నాలుగు సార్లు మూత్రం పోస్తుంది. అది గాఢంగా నిద్రపోతున్నప్పుడు డొక్క ఎగసి పడటం నిమిషం పాటు లెక్కపెట్టండి. 30 లోపు ఉంటే మంచిదే. పడుకున్న పిల్లికి 40 దాటిందంటే, నోరు తెరిచి రొప్పుతోందంటే తెల్లారేదాకా ఆగకూడదు. పెదవి కొంచెం పైకెత్తి చిగుళ్ల రంగు చూడటం ఇప్పుడే అలవాటు చెయ్యండి. గులాబీ రంగులో ఉండాలి. పాలిపోయినా, నీలంగానో గోధుమ రంగులోనో కనిపించినా ప్రమాదమే.

ముందుగా ఇసుక తొట్టి

పల్లెల్లో పిల్లులు దాదాపు అన్నీ బయట మట్టిలోనే కానిచ్చుకుంటాయి. వరదొస్తే ఆ మట్టి ఉండదు. మేడ మీదికో డాబా మీదికో చేరిన పిల్లి గచ్చు మీద పోయలేక బిగబట్టుకుంటుంది. తాగే నీళ్లు తగ్గుతాయి, కొత్త చోటు, గందరగోళం, పైగా వాన. గండుపిల్లికి మూత్రనాళం అసలే సన్నం. ఇలాంటప్పుడు మూత్రాశయం వాచి, లోపల చేరిన జిగురూ ఇసుకలాంటి రాళ్లూ ఆ నాళానికి అడ్డుపడతాయి.

పిల్లుల విషయంలో నన్ను అన్నిటికంటే భయపెట్టేది ఇదే. మాటిమాటికీ వెళ్లి కూర్చుంటుంది, ముక్కుతుంది, చుక్క రాదు. మధ్యలో అరుస్తుంది, వెనక భాగం నాకుతూనే ఉంటుంది. తర్వాత వాంతులు, ఆపైన మత్తుగా పడిపోవడం. మన ఇళ్లల్లో దీన్ని మలబద్ధకం అనుకుని ఆముదం పట్టించేస్తారు. పొట్ట కింది భాగంలో నిమ్మకాయంత గట్టి ముద్ద చేతికి తగిలితే అది నిండిపోయిన మూత్రాశయం. దాన్ని నొక్కకండి, లోపలే పగలొచ్చు. పూర్తిగా అడ్డుపడితే రక్తంలో పొటాషియం పెరిగి గుండె ఆగుతుంది. ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోతుంది. డాక్టరు మత్తిచ్చి సన్నటి గొట్టం వేసి మూత్రం తీయడం తప్ప దీనికి ఇంటి వైద్యం లేదు. పడవ మీద దాటించాల్సి వచ్చినా సరే, మనిషికి గుండెపోటు వచ్చినంత తొందర పడాలి.

అందుకే ఇప్పుడే ఒక పాత ప్లాస్టిక్ తొట్టి తీసుకుని నాలుగైదు అంగుళాల మందాన పొడి ఇసుక పోసి, పిల్లి రోజూ వెళ్లే మూలలోనే పెట్టండి. ఇసుక లేకపోతే ఊక గానీ రంపపు పొట్టు గానీ పనికొస్తాయి. దాని దొడ్డి మట్టి కాస్త పైన చల్లితే త్వరగా అలవాటవుతుంది. తర్వాత తొట్టిని రోజుకు కొంచెం చొప్పున వసారాలోకి, అక్కణ్నుంచి మెట్ల మీదికి జరపండి. ఒక బస్తా ఇసుక తడవకుండా పైన దాచండి. తొట్టిలో తడి ముద్దలు కనిపిస్తున్నాయంటే మూత్రం వస్తోందన్న నమ్మకం కూడా మీకు మిగులుతుంది.

దగ్గర్లోని పశువైద్యశాలకు ఒకసారి వెళ్లి, "గండుపిల్లికి మూత్రం బిగిస్తే ఇక్కడ గొట్టం వేస్తారా, లేకపోతే ఎక్కడికి పంపిస్తారు?" అని అడిగి పెట్టుకోండి. గేదెల వైద్యంలో దిట్ట అయిన డాక్టరు దగ్గర పిల్లికి సరిపోయే గొట్టం ఉండాలని లేదు. అమలాపురమా, రాజమండ్రా, కాకినాడా, భీమవరమా అన్నది ముందే తేలాలి. 1962 నంబరుకు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం గురించి చెబుతారు, మీ ఊరికి వరద రోజుల్లో ఎలా వస్తుందో అదీ కనుక్కోండి.

తిండి మానేస్తే

భయంతో ఒక పూట మానేస్తే కంగారక్కర్లేదు. పెద్ద పిల్లి పూర్తిగా ఒక రోజు ముట్టకపోతే డాక్టరుకు ఫోన్ చెయ్యాలి. రెండు మూడు రోజులు పస్తుంటే, ముఖ్యంగా బొద్దుగా ఉన్న పిల్లికి, ఒంట్లో కొవ్వంతా కాలేయానికి చేరి అదే వేరే జబ్బవుతుంది. పిల్లికూనలైతే ఒక్క రోజు కూడా ఆగలేవు. టీకా పడని కూన నీళ్ల గిన్నె మీద తల వేలాడేసి తాగకుండా కూర్చుని, వాంతులు విరేచనాలు చేసుకుంటుంటే పాన్‌ల్యూకోపెనియా అనే వైరస్ జబ్బని అనుమానించాలి. ఎనిమిది వారాల వయసు నుంచే దానికి టీకా ఉంది, వరద ముందు వేయించండి.

మన దగ్గర చేపల తిండి గురించి కూడా చెప్పాలి. పచ్చి చేపల పొట్టలూ తలలే వారాల తరబడి పెడితే కొన్ని చేపల్లోని ఒక పదార్థం పిల్లి ఒంట్లో థయామిన్ అనే విటమిన్‌ను విరిచేస్తుంది. తల ఛాతీ మీదికి వంగిపోవడం, తూలడం, ఫిట్స్ రావడం దాని గుర్తులు. ఉడికించి పెడితే ఆ బెడద ఉండదు. గాలం దారం మింగి, కొస నోట్లోంచో వెనకనుంచో వేలాడుతుంటే లాగకండి. లోపల పేగులు కోసుకుపోతాయి.

మందులు, విషాలు

ఇంట్లో జ్వరాల మాత్ర పారాసిటమాల్ పిల్లికి విషం. ఒక్క మాత్రే చంపగలదు. నీరసంగా ఉందని అర ముక్క నూరి పాలలో కలిపే అమ్మమ్మలకు ఈ మాట తప్పకుండా చెప్పండి, ప్రేమతోనే పెడతారు పాపం. కుక్కల పేల మందు పిల్లికి రాయకూడదు. పెర్‌మెత్రిన్ ఉన్నదైతే ఒళ్లంతా వణికిపోయి ఫిట్స్ వస్తాయి.

వరి పొలాల్లో ఎలుకల మందు పెట్టే రోజులు ఊళ్లో అందరికీ తెలుస్తాయి. ఆ రోజుల్లో పిల్లిని కట్టడి చెయ్యండి. నల్లటి జింక్ ఫాస్ఫైడ్ పొట్టలోకి వెళ్లి ఫాస్ఫీన్ వాయువవుతుంది. గంటల్లోనే వాంతులు, ఆయాసం, గిలగిల కొట్టుకోవడం. ఆ వాంతి వాసన మనిషికీ మంచిది కాదు, కిటికీలు తెరవండి. బ్రోమాడయోలోన్ అలా కాదు. రెండు మూడు రోజులు ఏమీ తెలియదు, ఆ తర్వాత రక్తం గడ్డకట్టక లోలోపల కారిపోతుంది. చిగుళ్లు తెల్లబడి, ఉత్సాహం లేక, ఆయాసపడుతూ మూల పడుకుంటుంది. సరిగ్గా "బెదిరింది" అనిపించేలాగే ఉంటుంది. విటమిన్ కె1తో బతికించవచ్చు, కానీ ఏ మందో తెలియాలి. అందుకని ప్యాకెట్టు పారెయ్యకుండా డాక్టరు దగ్గరికి పట్టుకెళ్లండి. ఉప్పునీళ్లు పట్టి వాంతి చేయించకండి, ఆ ఉప్పే ఇంకో విషమవుతుంది.

పాములు, కప్పలు

నీళ్లొస్తే పాములూ మెట్టకే వస్తాయి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర మూడూ మన దగ్గరున్నవే. పిల్లి ఒక మూలకేసి కదలకుండా చూస్తూ తోక ఆడిస్తుంటే వెళ్లి చేత్తో కెలకకండి, టార్చి వేసి దూరం నుంచి చూడండి. పిల్లికి కాటు పడితే రక్తపింజరకు కాలో మూతో వాస్తుంది. కట్లపాముకు వాపే ఉండకపోవచ్చు. కనుపాపలు పెద్దవై, వెనక కాళ్లు తేలిపోయి, ఊపిరి మందగిస్తుంది. కోయడాలు, కట్టు బిగించడాలు వద్దు. కదలకుండా పెట్టెలో పెట్టి తీసుకెళ్లాలి. మనుషులకిచ్చే పాము విషం విరుగుడు మందే దానికీ పనిచేస్తుంది.

తొలకరికి బోదురుకప్పను నోట కరిచిన పిల్లి నురగలు కక్కుతుంది, చూస్తే భయమేస్తుంది. తడిగుడ్డతో నోరు తుడుస్తూ ఉండండి, చాలాసార్లు సర్దుకుంటుంది. అరగంటకు తగ్గకపోయినా, తూలినా మాత్రం డాక్టరుకు చూపించాలి. ఏడుపులా అరుస్తూ నేల మీద దొర్లి నడుం ఎత్తే ఆడపిల్లికి జబ్బేమీ లేదు, ఎదకొచ్చింది. నాలుగైదు నెలలకే రావచ్చు, కడుపు కట్టకపోతే రెండు మూడు వారాలకోసారి మళ్లీ వస్తుంది. వరద రోజుల్లో అలాంటిది ఇల్లు వదిలి పోతుంది కాబట్టి ముందే ఆపరేషన్ చేయించడం మేలు.

కరిచినా రక్కినా

ఎప్పుడూ సాధువుగా ఉండే పిల్లి కారణం లేకుండా మీద పడి కరిస్తే, గొంతు మారిపోతే, దవడ వేలాడి చొంగ కారుతుంటే, మింగలేకపోతే రేబిస్‌ను అనుమానించాలి. పిచ్చి కుక్కలకే వస్తుందన్న నమ్మకం తప్పు, పిల్లి నుంచీ వస్తుంది. లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు ఉండదు. కరిచిన చోట సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద 15 నిమిషాలు కడగండి. పసుపు, కారం, సున్నం, కాఫీ పొడి ఏదీ అద్దకండి. అదే రోజు ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి. చర్మంలోకిచ్చే పద్ధతిలో 0, 3, 7, 28 రోజుల్లో టీకా వేస్తారు, రక్తం వచ్చిన గాయానికి ఇమ్యూనోగ్లోబ్యులిన్ అనే వేరే ఇంజెక్షన్ కూడా కావాలి. వరదని, దారి లేదని వాయిదా వేయొద్దు. పునరావాస శిబిరంలో ఉంటే అక్కడి వైద్య సిబ్బందికి వెంటనే చెప్పండి. కరిచిన పిల్లిని చంపకుండా విడిగా కట్టడి చేసి 10 రోజులు చూడాలి. అది ఆరోగ్యంగా ఉంటే కరిచిన నాటికి దాని లాలాజలంలో రేబిస్ లేనట్టే. కానీ ఆ పది రోజులూ చూసి అప్పుడు టీకా వేయించుకుందామనుకోకూడదు. మీ పిల్లికి మూడు నెలలు నిండితే రేబిస్ టీకా ఈ నెలలోనే వేయించండి.

ఎప్పుడు కదిలించాలి

పిల్లికి వరద ముందే తెలుస్తుందని మనవాళ్లలో గట్టి నమ్మకం. ఉరుమును, గాలి మార్పును అది మనకంటే ముందు పసిగట్టవచ్చు. కానీ భద్రాచలం ఎగువన కురిసిన వాన సంగతి దానికి తెలియదు. దాన్ని చూసి కాకుండా ధవళేశ్వరం చూసి కదలండి. బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. సముద్రంలోకి వదిలే నీళ్లు మొదటిదానికి 10 లక్షల క్యూసెక్కులు, మూడోదానికి 17 లక్షలు. చాకలిపాలెం–కనకాయలంక లాంటి కాజ్‌వేలు ముందే మునుగుతాయి కాబట్టి లంకవాళ్లు మొదటి హెచ్చరికకే పిల్లిని ఇంట్లో పెట్టి తలుపు వేసుకోవాలి. రెండోదానికి వెతుకుదామంటే దొరకదు.

మోసుకెళ్లడానికి రొయ్యల ప్లాస్టిక్ ట్రేలు రెండు ఒకదానిమీదొకటి బోర్లించి తాడుతో బిగిస్తే గాలి ఆడే మంచి పెట్టె. ఇప్పటినుంచే అందులో పాత చీర పరిచి తిండి అక్కడే పెడుతుంటే ఆ రోజు తనే వెళ్లి కూర్చుంటుంది. గోనెసంచిలో మూతికట్టి తీసుకెళ్లడం వద్దు, ఊపిరాడక చనిపోగలదు. పడవలో చేతుల్లో పట్టుకోవడమూ వద్దు. బెదిరిన పిల్లి రక్కి ఏట్లోకి దూకుతుంది, దాన్ని పట్టబోయి పిల్లలు దూకుతారు.

ఇంటికి తిరిగొచ్చాక కొత్త చోటికి వచ్చినట్టు గోడలన్నీ వాసన చూసుకుంటూ, గుమ్మాల మీద నిలబడి మూత్రం చిమ్ముతుంటే కొట్టకండి. బుగ్గలు రాసి అది వేసుకున్న గుర్తులన్నీ వరద నీళ్లకు పోయాయి, మళ్లీ వేసుకుంటోంది. దాని పాత చీర ఉతక్కుండా ఒక గదిలో పరిచి రెండు రోజులు అక్కడే ఉంచండి. ఇల్లు ఫినాయిల్‌తో కడుగుతారు, బ్లీచింగ్ చల్లుతారు. పిల్లి తడి గచ్చు మీద నడిచి పాదాలు నాక్కుంటుంది, ఫినాయిల్ దానికి పడదు. మంచి నీళ్లతో మళ్లీ కడిగి, గచ్చు పూర్తిగా ఆరాకే దాన్ని వదలండి. పాదాలకు అంటితే వెంటనే సబ్బునీళ్లతో కడిగి తుడవండి.