ప్లంబర్‌ను పిలిచే ముందు

మా అనంతపురం బోరు నీళ్లకు కుళాయి మూతి తెల్లగా గార కడుతుంది. ధార సన్నబడగానే కుళాయి మార్పించకండి. కుళాయి మూతికుండే జాలీ విప్పి నిమ్మరసంలో నానబెట్టండి. అప్పటికీ రాకపోతేనే ప్లంబర్. చూడకుండా ఫోనులోనే రేటు చెప్పేవాడిని నేను నమ్మను. కూలి వేరుగా, సామాను వేరుగా రాసిమ్మనండి.

గీజరు లైనుకు సీపీవీసీ పైపే వేయించండి, మామూలు పీవీసీ వేడికి మెత్తబడుతుంది. అతుకులు ఆరాక నీళ్లు వదిలి, రాత్రంతా ఉంచి, ఒక్కో అతుకునూ పొడి కాగితంతో ఒత్తి చూడండి. తడి తగలకపోతేనే గోడ పూడ్చనివ్వండి. మేస్త్రీ తొందరపెడతాడు, పెట్టనివ్వండి! మిగతా కూలి ఆ తర్వాతే.

సొంతంగా కుళాయి బిగిస్తారా? ముందు ట్యాంకు వాల్వు కట్టేయండి. టెఫ్లాన్ టేపు, అంటే నీళ్లు కారకుండా కుళాయి మరకు చుట్టే పల్చటి తెల్ల టేపు, మర బిగిసే దిక్కుకే చుట్టాలి. తిరగేసి చుడితే బిగిస్తుండగానే ఊడివస్తుంది.