శ్రావణం పెళ్లికి పందిరి మంచం చేయిస్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

ఆషాఢం వచ్చేసింది. విజయనగరం, శ్రీకాకుళం వైపు వడ్రంగులకి చేతినిండా పని పడే లోపే ఇవి తేల్చుకోండి.

పచ్చి కర్ర వద్దు, టేకైనా సరే. ఇప్పుడు తడిగా ఉన్న కర్ర వేసవికి ఎండి కుంచించుకుపోతుంది, అతుకులు వదులవుతాయి. మామూలు మంచమైతే కిర్రుమంటుంది, అంతే. పందిరి మంచానికి పైనున్న చట్రం మొత్తం ఊగుతుంది. మా ఇంట్లో ఒకటి ఊగుతూనే ఉంది, ఎన్ని మేకులు కొట్టినా లాభం లేదు.

ఎత్తు కొలిచేది స్లాబు నుంచి కాదు, ఫ్యాను రెక్కల నుంచి. 10 అడుగుల గదిలో రెక్కలు తొమ్మిది అడుగుల లోపే ఉంటాయి. మంచం కోళ్లు 7 అడుగులు దాటకపోతే మంచిది. పైన వదులుగా కప్పిన గుడ్డ గాలికి లేచి రెక్కలకి చుట్టుకోవచ్చు. పైన దోమతెర వల అయితే గాలీ తగులుతుంది.

ముందు పరుపు కొనండి, దాని కొలతకే మంచం చేయించండి. పొడవు 75 అంగుళాలవీ, 78 అంగుళాలవీ రెండూ దొరుకుతాయి.

అతుకులకి జిగురు కాదు, విప్పి మోసుకెళ్లేలా బోల్టులు పెట్టించండి. లేకపోతే మంచం మేడమెట్ల మలుపులో ఆగిపోయాక రంపం తేవాల్సి వస్తుంది.

చిలకలు, లతలు పరుపు ఎత్తుకి పైనే చెక్కించండి. పక్క చెక్క కలిసే చోట లోతుగా తొలిస్తే కోడు బలం పోతుంది.

తెరలకి పొందూరు ఖద్దరైతే ఒకసారి తడిపి, ఆరాకే కత్తిరించండి. నూలు గుడ్డ మొదటి ఉతుకులోనే కురచవుతుంది.