చిన్న కుక్కకు ఇంటి వంట: మాంసం, అన్నం కలిపితే సరిపోదు

పొమరేనియన్, పగ్, షిట్జూ వంటి చిన్న కుక్కలున్న మన ఇళ్లలో ఇంటి తిండి అంటే సాధారణంగా రెండే ఉంటాయి: శాకాహారుల ఇంట పెరుగన్నం, మాంసాహారుల ఇంట పసుపు వేసి ఉడికించిన కోడిమాంసంతో అన్నం. రెండూ ప్రేమతో పెట్టేవే, కుక్క కూడా గిన్నె నాకి మరీ తింటుంది. ఐదు కిలోల మా కుక్కకు నేనూ రెండేళ్లు రెండో రకం తిండే పెట్టాను. ఏమేం పెడుతున్నానో కాగితం మీద రాసి చూపించమన్న పశువైద్యురాలు, ఇందులో కాల్షియం ఎక్కడి నుంచి వస్తోందని అడిగినప్పుడు నా దగ్గర జవాబు లేకపోయింది. ఇంట్లో వండాలనుకునే ప్రతివారూ మొదట తమను తాము అడగవలసిన ప్రశ్న అదే.

మాంసంలో భాస్వరం దండిగా ఉంటుంది, కాల్షియం దాదాపు ఉండదు. ఆహారంలో ఈ రెండింటి నిష్పత్తి తలకిందులైనప్పుడు పారాథైరాయిడ్ గ్రంథి రక్తంలోని కాల్షియం తగ్గిపోకుండా ఎముకల నుంచి లాగి తెస్తుంది. కుక్క నెలల తరబడి హుషారుగానే కనిపిస్తుంది, కానీ లోపల దవడ ఎముకతో సహా ఎముకలన్నీ గుల్లబారుతూ ఉంటాయి. అసలే పళ్ల జబ్బులు ఎక్కువగా వచ్చే చిన్న జాతులకు ఇది రెట్టింపు నష్టం. పుస్తకాల్లో, ఇంటర్నెట్‌లో దొరికే వంటకాలను అలాగే నమ్మడానికీ లేదు. అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, డేవిస్ పరిశోధకులు, కుక్కల కోసం ఇతరులు రాసిన 200 ఇంటి వంటకాలను 2013లో పరిశీలిస్తే, ఎదిగిన కుక్కకు కావలసిన పోషకాలన్నీ కనీస మోతాదులో ఉన్నవి 9 మాత్రమే తేలాయి.

వండే ముందు రోజుకు ఎన్ని క్యాలరీలు కావాలో లెక్క కట్టాలి. కుక్క బరువును అదే అంకెతో మూడుసార్లు వచ్చేలా గుణించి, ఆ ఫలితానికి రెండుసార్లు వర్గమూలం తీసి, 70తో గుణిస్తే విశ్రాంతిలో ఉన్న శరీరానికి కావలసిన శక్తి వస్తుంది. ఐదు కిలోల కుక్కకు 5×5×5 అంటే 125, రెండుసార్లు వర్గమూలం తీస్తే 3.34, దాన్ని 70తో గుణిస్తే సుమారు 234. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయి, ఇంట్లోనే తిరిగే ఎదిగిన కుక్కకు దీన్ని మళ్లీ 1.4 నుంచి 1.6 వరకు గుణించాలి, అంటే రోజుకు దాదాపు 330 నుంచి 370 క్యాలరీలు. మూడు కిలోల కుక్కకైతే ఈ లెక్క 240 దగ్గర ఆగుతుంది. టీ తాగుతూ మనం విసిరే రెండు మారీ బిస్కెట్లు అందులో దాదాపు ఐదో వంతు అవుతాయి. అందుకే చిరుతిండి మొత్తం క్యాలరీల్లో పదో వంతు దాటకూడదు.

ఇక వంట. ఐదు కిలోల ఎదిగిన కుక్కకు ఒక రోజుకు, ఉడికిన తరువాత తూచిన లెక్కలో, తోలు, ఎముక తీసిన కోడి తొడ మాంసం 100 గ్రాములు, మెత్తటి అన్నం 80 గ్రాములు, గుమ్మడి, బీన్స్, క్యారెట్ కలిపి 40 గ్రాములు, కోడి కార్జం 8 గ్రాములు, పొద్దుతిరుగుడు నూనె అర టీస్పూను తీసుకోవాలి. ఇవన్నీ కలిపి సుమారు 330 క్యాలరీలు. కార్జం మంచిదని పెంచకూడదు, ఎందుకంటే అందులోని విటమిన్ ఎ శరీరంలో పేరుకుపోతుంది. కప్పులతో, గరిటెలతో కొలిస్తే చిన్న కుక్క విషయంలో పొరపాటు పెద్దదవుతుంది కాబట్టి గ్రాములు చూపించే చిన్న కాటా తప్పనిసరిగా ఉండాలి.

మాంసాన్ని చిన్న ముక్కలుగా కోసి, మునిగేటంత నీళ్లలో పూర్తిగా ఉడికించి, ఆ నీటిని పారబోయకుండా అన్నంలో కలపాలి. కూరగాయలను మెత్తగా ఉడికించి మెదపాలి, లేకపోతే అవి ఎలా లోపలికి పోయాయో అలాగే బయటికి వస్తాయి. పాలకూర, తోటకూర వేయకపోవడమే నయం. వాటిలో రాళ్లు కట్టించే ఆక్సలేట్లు ఎక్కువ, చిన్న జాతి కుక్కల్లో మూత్రాశయపు రాళ్లు తరచుగా వస్తుంటాయి. నూనెను, కింద చెప్పబోయే కాల్షియం పొడిని ఆహారం గోరువెచ్చగా అయ్యాక కలపాలి. అంతా ఒకటిగా కలిసిపోతే మాంసం ముక్కలు ఏరుకుని మిగతాది వదిలేసే అవకాశం కుక్కకు ఉండదు.

ఈ కుక్కకు రోజుకు కావలసిన కాల్షియం సుమారు 440 మిల్లీగ్రాములు. రాగిజావ పెడితే చాలు కదా అని చాలామంది అంటారు. రాగుల్లో కాల్షియం ఉన్న మాట నిజమే, 100 గ్రాములకు దాదాపు 350 మిల్లీగ్రాములు. అయితే అదే 100 గ్రాముల్లో 320 క్యాలరీలు కూడా ఉన్నాయి, అంటే మాంసం ముక్క కూడా పెట్టకుండా రోజంతా రాగులే తినిపించినా లెక్క నిండదు. పైగా రాగుల్లోని ఫైటేట్లు ఆ కాల్షియంలో కొంత భాగాన్ని ఒంటికి పట్టనివ్వవు. పాలు, పెరుగుతోనూ క్యాలరీల ఇబ్బందే. వీటన్నిటికన్నా నమ్మదగినది కోడిగుడ్డు పెంకు. పెంకులను కడిగి, పది నిమిషాలు మరిగించి, బాగా ఆరబెట్టి, మిక్సీలో తిప్పి, పల్చని గుడ్డలో జల్లించి మెత్తటి పొడి చేసుకోవాలి. పలుకులు మిగిలితే అవి పేగులకు గుచ్చుకోవచ్చు, అరగవు కూడా. ఈ పొడి ఒక టీస్పూనులో దాదాపు 2,000 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది కాబట్టి పైన చెప్పిన రోజు ఆహారానికి పావు టీస్పూనుకు కాస్త తక్కువ సరిపోతుంది.

కాల్షియం లోటు తీరినా లెక్క పూర్తి కాదు. జింక్, అయోడిన్, విటమిన్ ఇ, విటమిన్ డి ఈ గిన్నెలో ఇంకా తక్కువే. కుక్క చర్మం ఎండలో మనలాగా చాలినంత విటమిన్ డి తయారు చేసుకోలేదు, అది తిండిలోనే రావాలి. అందుకని ఇంటి వంటను భర్తీ చేయడానికే తయారైన విటమిన్, ఖనిజ మిశ్రమాన్ని పశువైద్యుల సలహాతో వాడాలి. సాధారణంగా దుకాణాల్లో అమ్మే మల్టీవిటమిన్ సిరప్ ఆ పని చేయదు. ఆ మిశ్రమంలోనే కాల్షియం ఉంటే గుడ్డు పెంకు పొడి మానేయాలి. మనుషుల కోసం వైద్యులు రాసే 60,000 యూనిట్ల డి3 పొట్లాన్ని గాని, మాత్రను గాని ఎంత మాత్రం వాడకూడదు. అది చిన్న కుక్క మూత్రపిండాలను పాడు చేయగలదు.

ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తంలోని ఎర్ర కణాలను పగలగొడతాయి. ఉడికించినా, పొడి చేసినా ఆ గుణం పోదు కాబట్టి మన కూరలోని ముక్కలను కడిగి పెట్టడం పనికిరాదు. ద్రాక్ష, కిస్‌మిస్ మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. దానికి టార్టారిక్ ఆమ్లం కారణమై ఉండవచ్చని 2021లో పశువైద్యులు ప్రతిపాదించారు. ఆ ఆమ్లం చింతపండులో పుష్కలంగా ఉంది. చారన్నం, పులిహోర కుక్కకు పెట్టే అలవాటున్న ఇళ్లు మనకు చాలా ఉన్నాయి, దయచేసి ఆ అలవాటు మానండి. చాక్లెట్, జైలిటాల్ కలిపిన చక్కెర లేని మిఠాయిలు కూడా విషమే. ఉడికించిన ఎముక చీలికలై గొంతులో, పేగుల్లో దిగుతుంది. కుక్కల కోసమని దుకాణంలో తక్కువ ధరకు కొట్టి ఇచ్చే మెడలు, తోలు కొవ్వుతో నిండి ఉంటాయి. అంత కొవ్వు ఒక్కసారిగా పడితే చిన్న కుక్కకు క్లోమం వాచి ప్రాణం మీదికి రావచ్చు.

మాంసం వండని ఇంట్లో ఉడికించిన గుడ్లు, పనీరు, బాగా ఉడికిన పెసరపప్పుతో మాంసకృత్తులు అందించవచ్చు, కానీ పాళ్లన్నీ మారిపోతాయి కాబట్టి ఆ పట్టికను నిపుణుల చేత వేయించుకోవాలి.

కొత్త ఆహారాన్ని ఒక్కరోజులో మార్చకూడదు. మొదటి రెండు రోజులు పాత తిండిలో పావు వంతు మాత్రమే కొత్తది కలిపి, మలం గట్టిగా ఉంటేనే పెంచుతూ, పది రోజుల్లో పూర్తిగా మార్చాలి. రోజు మొత్తాన్ని రెండు పూటలుగా, మరీ చిన్న కుక్కలకైతే మూడు పూటలుగా పంచాలి. వండినది ఫ్రిజ్‌లో మూడు రోజులు నిలుస్తుంది, అంతకు మించి కావాలంటే పూటకు సరిపడా పొట్లాలు కట్టి ఫ్రీజర్‌లో పెట్టుకోవాలి. వేసవిలో గిన్నెలో మిగిలినదాన్ని అరగంటకు మించి ఉంచవద్దు.

ఏడాది నిండని పిల్లలకు, కడుపుతో ఉన్నవాటికి, మూత్రపిండాలు, మూత్రాశయం, క్లోమం జబ్బులున్నవాటికి ఈ కొలతలు వర్తించవు. రాజేంద్రనగర్, గన్నవరం, తిరుపతి పశువైద్య కళాశాలల్లో సలహా అడగవచ్చు. ఆరోగ్యంగా ఉన్న కుక్కనైనా పదిహేను రోజులకోసారి తూచి ఒక పుస్తకంలో రాసుకోవాలి. ఐదు కిలోల కుక్కకు పావు కిలో పెరగడమంటే అరవై కిలోల మనిషి మూడు కిలోలు పెరగడంతో సమానం. పక్కటెముకల మీద వేళ్లు ఆనిస్తే, నొక్కకుండానే ఒక్కొక్కటీ చేతికి తెలియాలి. తెలియకపోతే మాంసాన్ని, కాల్షియాన్ని అలాగే ఉంచి, అన్నంలో 15 గ్రాములు తగ్గించి మరో పదిహేను రోజులు చూడండి.